ఏడు తువ్వాళ్ళు, ఒక స్టీలు గ్లాసు

అది మొదలైంది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టు రెండో తారీకు, సోమవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు. సింగపూర్ టాంపినీస్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాటులో, స్నానాల గది బేసిన్ దగ్గర మా కార్తీక్ చేత పళ్ళు తోమిస్తూ వాడి ముక్కు కింద ఎర్రటి పొక్కు ఒకటి చూశాను. సాయంత్రానికి అది చితికి, తేనె కారి ఎండినట్టు పసుపుపచ్చటి పక్కు కట్టింది. టైము అంత ఖచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఆరూ నలభై బస్సు తప్పితే నేను ఆఫీసుకి ఆలస్యమవుతాను. అందుకని పొద్దున్న లేచింది మొదలు గోడ గడియారం చూసుకుంటూనే పని చేసేదాన్ని. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆలస్యంగా పుట్టిన ఒక్క కొడుకు, వాడికి నాలుగేళ్ళు. జీవితంలో మొదటి ఉద్యోగంలో చేరి ఏడు వారాలు.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం నా మనవరాలు. పోయిన నెల ఇక్కడే పాసిర్ రిస్‌లో కొడుకింటికి వెళ్ళేసరికి ఆ పిల్ల గడ్డం మీద సరిగ్గా అదే పక్కు, అదే తేనె రంగు. చేతిసంచీ గుమ్మంలోనే వదిలి పిల్ల దగ్గరికి పరిగెత్తాను. మా కోడలు మాత్రం కూర్చున్న చోటునుంచి లేవలేదు. ఫోనుతో ఫొటో తీసి పంపింది, డాక్టరు ఫోనులోనే కనిపించి రెండు ముక్కలు చెప్పాడు, నేను పెట్టిన కుక్కరు ఆవిరి దిగేలోపు గుమ్మంలోకి ఆయింటుమెంటు వచ్చింది. పిల్ల తువ్వాలు వేరే కొక్కేనికి తగిలించింది. అంతే. నేను అలవాటుగా ఆ తువ్వాలు అందుకోబోతే మనవరాలే ఈ ఊరి ఇంగ్లీషులో నాకు పాఠం చెప్పింది: "నానమ్మా, డోంట్ టచ్ లా. దట్ వన్ మైన్." ఎవరికీ కోపం రాలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఇంత సులువైన పనికి నేను ఒకప్పుడు ఎంత మూల్యం ఇచ్చుకున్నానో తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో సింగపూర్ వచ్చిన తెలుగువాళ్ళలో సగంమంది ఇంకొకరితో కలిసి ఫ్లాటు పంచుకునేవాళ్ళు. మాతో ఉన్నది స్వరూప, ఆమె భర్త రవీందర్, వాళ్ళ మూడేళ్ళ మౌనిక. వాళ్ళది కరీంనగర్ దగ్గర, మాది తెనాలి. మగవాళ్ళిద్దరూ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయేమో అనే పని మీదే ఉండేవాళ్ళు. పొద్దున్న పోతే రాత్రి ఏ వేళకో వచ్చేవాళ్ళు. చెరో పడగ్గది, చిన్న గదిలో విజిట్ పాసు మీద వచ్చిన మా అత్తగారు. వంటిల్లు ఒకటి, బట్టల మిషను ఒకటి. స్నానాల గదులు నిజానికి రెండు, కాని రెండోదాంట్లో ఇంటి ఓనరు తన పాత సామాను పెట్టి తాళం వేసుకున్నాడు. అలా ఏడుగురికీ ఒకటే గది, ఒకటే బేసిను, పిల్లలిద్దరికీ ఒకటే తువ్వాలు.

నేను హైదరాబాదులో ఆరు నెలలు నేర్చుకున్న పాత కంప్యూటరు భాష అకస్మాత్తుగా అందరికీ కావలసివచ్చి, ఆడవాళ్ళు, వయసు దాటినవాళ్ళు అని చూడకుండా పిలిచి ఉద్యోగాలిచ్చిన కాలం అది. నాకూ ఒకటి దొరికింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ ఉద్యోగం నిలబడింది స్వరూప మీద. మా బ్లాకు కింద ఖాళీ అంతస్తులో ఒక కిండర్‌గార్టెన్ ఉండేది, మూడే గంటలు. పదకొండున్నరకి స్వరూప వెళ్ళి పిల్లలిద్దరినీ తీసుకొచ్చి, అన్నం పెట్టి, నేను వచ్చేదాకా చూసుకునేది. బదులుగా రాత్రి వంట అందరికీ నాది. ఈ ఒప్పందం మేం ఎక్కడా రాసుకోలేదు. ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ అనుకున్నాం, మర్నాటినుంచి జరిగిపోయింది. అత్తగారు ఉన్నా పిల్లల వెనక పరిగెత్తే ఓపిక ఆవిడకి లేదు. పైగా ఆవిడ పూజ ముగిసేసరికే మధ్యాహ్నమయ్యేది.

మా అత్తగారి మడి గురించి చెప్పాలి. ఆవిడ మడి చీర కోసం కిటికీ బయట ఒక వెదురు గెడ ప్రత్యేకం. సింగపూర్ ఫ్లాట్లలో బట్టలు గెడలకి ఎక్కించి కిటికీలోంచి బయటికి చాపుతారు. పదో అంతస్తునుంచి ఆ తెల్లచీర ఒక్కటే దూరంగా, దేన్నీ తాకకుండా ఎగురుతూ ఉండేది. స్వరూప పొరపాటున ఆ గెడ జరిపితే చీర మళ్ళీ తడిపేవారు, ఒక్క మాట అనకుండా. ఆ అనకపోవడమే అన్నిటికన్నా గట్టిగా వినిపించేది. మధ్యాహ్నం కింది ఇంట్లో రొయ్యల ముద్ద వేయిస్తే వాసన పడక కిటికీలన్నీ మూయించేవారు. ఇంత శుచి పాటించే మనిషి ఆదివారం పిల్లలకి తలంటు పోసేటప్పుడు మాత్రం అన్నీ మరిచిపోయేవారు. గోరువెచ్చటి నువ్వులనూనె ఒకే గిన్నెలో, పసుపు కలిపిన పెసరపిండి ఒకే పళ్ళెంలో, ఊరినుంచి మోసుకొచ్చిన కుంకుడుకాయ రసం ఒకే చెంబులో, తుడవడానికి తన పాత చీర ముక్క ఒకటే. పిల్లలిద్దరినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసి, వాళ్ళు కేకలు పెడుతుంటే నవ్వుతూ రుద్దేవారు. "రెండిళ్ళ పిల్లల్ని వేరు చెయ్యకూడదు" అనేవారు. ఆ మాట విని నేను ఆవిడ మీద గౌరవం పెంచుకున్నాను కూడా.

ఆ సోమవారం సాయంత్రం కార్తీక్‌ని పక్క బ్లాకులో క్లినిక్కుకి తీసుకెళ్ళాను. పెద్దవయసు చైనా డాక్టరు, ఒక్కసారి చూసి ఇంపెటైగో అన్నాడు. దానికి మనవైపు ఒక పేరంటూ లేదు. చీము పొక్కులు అంటాం, వేడి చేసిందంటాం, ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. ఇది బ్యాక్టీరియా, ఆ పొక్కులోంచి కారే రసి ఎక్కడ తగిలితే అక్కడ కొత్త పొక్కు లేస్తుంది, వాడి ఒంటి మీదైనా ఇంకొకరి ఒంటి మీదైనా అన్నాడు. గోరువెచ్చటి నీళ్ళూ సబ్బుతో మెల్లగా నానబెట్టి పక్కు మెత్తబడ్డాక తియ్యాలి, రుద్దకూడదు. రోజుకి మూడుసార్లు ఆయింటుమెంటు, పైన గాజుగుడ్డ, రాసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. తువ్వాలు, దుప్పటి, దిండు గలీబు వేరు, అవన్నీ వేడినీళ్ళలో ఉతకాలి. మానినట్టు కనిపించినా సిరప్పు వారంరోజులూ తాగించాలి. పక్కులు ఎండేదాకా కిండర్‌గార్టెన్‌కి పంపకూడదు. "మచ్చ కూడా మిగలదు. కాని ఇంట్లో అందరూ ఒకేలా పాటించాలి, లేకపోతే ఇల్లంతా తిరుగుతుంది" అన్నాడు.

అందరూ ఒకేలా పాటించడం. డాక్టరుకేం, చెప్పాడు.

మౌనికకి అంటకూడదని ఆ వారం కార్తీక్‌ని అత్తగారి దగ్గర వదిలి ఆఫీసుకి వెళ్ళాను. ట్యూబు చూపించాను, ఎలా రాయాలో చూపించాను. ఆవిడ తల ఊపారు. సాయంత్రం వచ్చి చూస్తే ట్యూబు మూత విప్పనే లేదు. పిల్లాడి మూతి పసుపూ వేపాకు ముద్దతో ఆకుపచ్చగా ఉంది. "ఈ దేశపు ఉక్కకి వేడి చేసిందమ్మాయ్. ఆ మైనం రాస్తే లోపలి వేడి లోపలే ఉంటుంది" అన్నారు. వేపాకు ఎక్కడిదంటే, బస్సు స్టాపు దగ్గర చెట్టుదట, స్వరూపని కోసుకురమ్మన్నారట. నేను స్వరూప వైపు చూశాను.

"పెద్దామె అడిగింది, తెచ్చిన. వద్దంటే ఊకుంటదా అక్కా? నువ్వు ఊకోబెట్టగలుగుతవా?"

నేనూ ఊరుకోబెట్టలేను. రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయన షూ విప్పుకుంటూ, "అమ్మతో నువ్వే చెప్పు, నేను చెబితే బాధపడుతుంది" అన్నారు. నేను చెబితే బాధపడరన్నమాట. రోజూ వచ్చి పసుపు కడిగి, నానబెట్టి, మందు రాసి, గుడ్డ కట్టేదాన్ని. రోజుకి మూడుసార్లు రాయాల్సింది పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి, అంతే జరిగేది. అయినా సిరప్పు నేనే పోస్తున్నాను కనుక శనివారానికి పక్కులు ఎండాయి. ఇంకో రెండు రోజులు ఆగితే చాలు.

ఆదివారం ఆఫీసులో టెస్టింగు ఉందని రమ్మన్నారు. రెండు గంటలకి ఇల్లు చేరేసరికి కారిడారులోకే సాంబ్రాణి వాసన వచ్చింది. పిల్లలిద్దరూ నూనె నిగనిగలతో, తడి జుట్టుతో టీవీ ముందున్నారు. కార్తీక్ ముక్కు కింద పచ్చిగా, ఎర్రగా మెరుస్తోంది.

"పక్కులన్నీ పోయాయి చూడు. నున్నగా చేశాను" అన్నారు అత్తగారు.

"ముందు ఎవరికి పోశారత్తయ్యా?"

"మనవాడికి, ఆ తర్వాత ఆ పిల్లకి. ఎప్పుడూ వరస అదే కదా."

"పిండి?"

"ఒకటే పళ్ళెం."

"తుడిచిన గుడ్డ?"

"ఆ గుడ్డే. మెత్తటి గుడ్డ. ఇద్దరు పిల్లలకి ఎన్ని గుడ్డలు పాడుచెయ్యమంటావు?"

కిటికీ బయట ఆవిడ మడి చీర తన గెడ మీద ఒంటరిగా ఎగురుతోంది. దాన్ని ఇంట్లో ఒక్కరూ ముట్టుకోకూడదు. రసి అంటిన గుడ్డ మాత్రం అందరిదీ. ఆ రెండిటినీ ఒకేసారి చూశాను. అరవడానికి కూడా మనిషికి ఎక్కడో ఒక మొదలు దొరకాలి.

బుధవారం పొద్దున్నకి మౌనిక గడ్డం మీద రెండు పొక్కులు లేచాయి. కార్తీక్‌కి మోకాళ్ళ మీద కొత్తవి. నేను స్వరూపకి క్షమాపణ చెప్పబోతే ఆమె కొట్టిపారేసింది. "పోరలన్నంక అయితయ్ తియ్యక్కా. ఒకని ముక్కు ఇంకొకరు తుడుచుకునే పోరలు." తనే మౌనికని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, అదే సిరప్పు, అదే ట్యూబు తెచ్చుకుంది. ఆ సాయంత్రం నేను మార్కెట్టులో ఏడు తువ్వాళ్ళు కొన్నాను. ఒక్కొక్కదాని అంచుకి ఒక్కో రంగు దారం కుట్టి, గోడకి ఏడు కొక్కేలు అంటించాను. పిల్లలకి మాత్రమే పెడితే సరిపోయేది, కాని ఒక ఇంట్లో ఇద్దరివి మాత్రమే వేరుపెడితే ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. అందుకే అందరికీ పెట్టాను, అత్తగారితో సహా. స్వరూప ఆ వరస చూసి నవ్వింది.

"రవీందర్‌కు తెల్లది పెట్టినవా అక్కా? మంచిగయింది. ఆయన ఇంటికొచ్చేదే లేదు, కొత్తది కొత్తగనే ఉంటది."

తర్వాత ఇద్దరం కూర్చుని పిల్లల గోళ్ళు కత్తిరించాం. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వుకున్న చివరి సాయంత్రం అదేనని అప్పుడు తెలియదు.

అత్తగారితో మళ్ళీ మాట్లాడాను. ఈసారి విడమరచి చెప్పాను. పుండు ఉన్నన్నాళ్ళూ పిల్లల గ్లాసులు, గుడ్డలు కలపకూడదు, వేరుగా ఉంచాలి అన్నాను. ఆవిడ మొహం మొదటిసారి తేటపడింది. "ఆ మాట ముందే చెప్పచ్చు కదమ్మాయ్. వేరుగా ఉంచడం నాకు నేర్పాలా?" అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. డాక్టరు చెప్పింది చివరికి ఆవిడకి తెలిసిన పద్ధతిలోనే బోధపడిందని సంతోషించి, రెండు రోజులు నిశ్చింతగా ఆఫీసుకి వెళ్ళాను.

శుక్రవారం ఏడింటికి వచ్చేసరికి స్వరూప సోఫా అంచున కూర్చుని ఉంది. వంటింట్లో దీపం లేదు. మౌనిక ఆమె ఒళ్ళో నిద్రపోయింది. ఇంటి ఇనప గేటు బయట, కారిడారులో, చెప్పుల స్టాండు పక్కన మౌనిక స్టీలు గ్లాసూ పళ్ళెం బోర్లించి ఉన్నాయి. చుట్టూ పసుపు నీళ్ళు చల్లిన మరక.

"నేను మార్కెట్‌కు పోయిన. గంట. వచ్చెవరకు మా పిల్ల చెప్పుల కాడ కూసోని నీళ్ళు తాగుతుంది. మీ అత్తమ్మ నిలవడి, గ్లాసు ముట్టకుంట పైకెల్లి పోస్తుంది. పైకెల్లి, అక్కా."

అత్తగారు తన గదిలోంచి అన్నారు, కోపంగా కాదు, లెక్క అప్పజెబుతున్నట్టు: "వేరుగా ఉంచమన్నావు, ఉంచాను."

"మరి కార్తీక్ గ్లాసో?" అన్నాను.

"వాడు మన పిల్లాడు కదా."

కార్తీక్ గ్లాసు వంటింట్లో, ఎప్పటి చోటే, అందరి గ్లాసుల మధ్య ఉంది. వాడికే పుండ్లు ఎక్కువ, వాడి దగ్గరినుంచే మౌనికకి పాకింది. నేను లోపలికి వెళ్ళి ఆ గ్లాసు తీసుకొచ్చి చెప్పుల స్టాండు పక్కన పెట్టబోయాను.

"ఇప్పుడు పెడితే ఏం లాభం అక్కా" అంది స్వరూప. నేను గ్లాసు చేతిలో పట్టుకునే నిలబడ్డాను. నిలబడి మళ్ళీ మొదలుపెట్టాను, బ్యాక్టీరియా అని, రసి అని, పెద్దావిడకి తెలియదని.

"బ్యాక్టీరియా నాకు తెలుసు. నేను బీయస్సీ బాటనీ. డాక్టర్ చెప్పింది మొత్తం చేసిన, నువ్వు దారం కుట్టిన తువ్వాలు వాడిన. గిది డాక్టర్ చెప్పింది కాదు." గొంతు పెంచకుండా అంది: "మా నాయినమ్మకు ఊళ్ళె చాయ్ హోటల్ల గిట్లనే బయట ఒక గ్లాసు ఉండె. తాగి, కడిగి, బోర్లేసి పోవాలె. మా బాపు దాని కోసమే నన్ను సదివిచ్చిండు. పదో అంతస్తుల కూడ గా గ్లాసు ఉంటదనుకోలే."

మా ఆయన రాత్రి వచ్చి అంతా విని, "పెద్దావిడ, ఇంకో రెండు వారాలు ఉండి వెళ్ళిపోతుంది. స్వరూప కాస్త సర్దుకుపోవాల్సింది" అన్నారు. ఎప్పుడు చూసినా సర్దుకుపొమ్మనేది అప్పటికే సర్దుకున్నవాళ్ళనే. ఆవిడ మడి గెడకి రెండు నెలలు పక్కకి తప్పుకు తిరిగింది ఎవరు? ఆ మాట నేను అన్నాను. ఆయన దుప్పటి కప్పుకున్నారు.

స్వరూప మౌనికకి వారం సిరప్పూ పూర్తిగా తాగించింది. కార్తీక్‌ని కూడా అంతవరకూ చూసింది, మాట తప్పలేదు. నాతో మాత్రం అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పక్కులు ఎండి, కొత్తవి లేవవని తేలాక, ఆ నెల ఆఖరి ఆదివారం వాళ్ళు ఊరికి పడమటి చివరనున్న ఇంకో ఫ్లాటుకి వెళ్ళిపోయారు. మౌనిక తువ్వాలు వేడినీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, మడిచి కొక్కెం కింద పెట్టి వెళ్ళింది. నేను ఫోను చేశాను, మూడు నాలుగుసార్లు. రవీందర్ తీసి మర్యాదగా మాట్లాడేవాడు. తర్వాత నెంబరు మారింది.

అత్తగారు మంగళవారం విమానం ఎక్కారు. విమానాశ్రయంలో నన్ను పక్కకి పిలిచి, "ఆ పిల్లకి పూర్తిగా తగ్గిందా అమ్మాయ్? వెళ్ళేటప్పుడు నాతో చెప్పనే లేదు" అని అడిగారు. నిజంగానే బాధపడుతూ అడిగారు. ఏ మనిషి మీదైనా కోపాన్ని కడదాకా మోసుకుపోదామంటే ఇలాంటిది ఏదో ఒకటి అడ్డం వస్తుంది. తగ్గిందని చెప్పాను.

ఇక పదకొండున్నరకి కార్తీక్‌ని కిండర్‌గార్టెన్ నుంచి తెచ్చే మనిషి లేదు. రోజంతా ఉంచుకునే చోట్ల పేరు రాయించి వరసలో ఉండమన్నారు. సగం రోజు పని చేస్తానని మా టీమ్ లీడర్ని అడిగాను. ఆమె చెడ్డది కాదు. "ఇప్పుడు సగం రోజు ఎలా లా? న్యూ ఇయర్ అయ్యాక చూద్దాం లా" అంది. పదకొండో వారం దాటి రెండు రోజులకి నా బల్ల ఖాళీ చేశాను. న్యూ ఇయర్ వచ్చింది, ఏ కంప్యూటరూ తేదీ తప్పలేదు, నాకు వచ్చిన ఆ పాత భాషతో ఎవరికీ పని లేకుండా పోయింది. నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు.

అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూసుకుంటే, మా కోడలి తెలివి ఎక్కువనీ మా అత్తగారి తెలివి తక్కువనీ నేను అనను. మా కోడలింట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి స్నానాల గది వాళ్ళది. ఎదురింటివాళ్ళ పేరు తెలియదు. పిల్ల తువ్వాలు వేరుపెడితే నొచ్చుకోవడానికి ఆ ఇంట్లో ఇంకొకరి పిల్ల లేదు. మేమప్పుడు ఏడుగురం ఒకే బేసిను దగ్గర మొహాలు కడుక్కున్నాం. రోగం అందుకే పాకింది. ఒకరి పిల్లని ఒకరు చూసుకున్నదీ అందుకే. ఇందులో ఏది మంచిదని నన్ను అడగొద్దు. డాక్టరు చెప్పినవన్నీ చెయ్యాలి, అది మాత్రం ఖాయం. అయితే చేసే ముందు వేరుపెట్టేది రసినా, మనిషినా అని ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పాలి. ఆయన రాసిచ్చిన మందుల్లో ఆ పని లేదు.

ఆ ఆగస్టులో పోయినవి ఇవి. వేడినీళ్ళకి రంగు వెలిసి పనికిరాకుండా పోయిన దిండు గలీబులు నాలుగు. పదకొండు వారాల రెండు రోజుల ఉద్యోగం ఒకటి. దానితోపాటు పోయిన చదువు ఒకటి. కార్తీక్‌కి తోబుట్టువు లాంటి పిల్ల ఒకతె. వాడికి ఇప్పుడు ఆమె పేరు కూడా గుర్తులేదు. నాకు, ఈ దేశంలో నన్ను అక్కా అని పిలిచిన మనిషి ఒకరు. పిల్లల ఒంటి మీద మచ్చ ఒక్కటీ మిగల్లేదు.